ట్రావెలర్ వ్యాన్ ప్రాజెక్టు డైరీ: ఇంటి బ్యాటరీ ఎందుకు నిండటం లేదు

బండి టెంపో ట్రావెలర్, బీఎస్-4 కాలం నాటిది. మోటర్‌హోమ్‌గా మార్పించి కొన్నేళ్లు తిరిగినవాళ్ల దగ్గర కొన్నాం. వెనక మంచం కింద 150 ఏహెచ్ (ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క, బ్యాటరీ సామర్థ్యం) టాల్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది, ఇళ్లలో ఇన్వర్టర్‌కి పెట్టేదే. ఈ డైరీలో దాన్ని ఇంటి బ్యాటరీ అంటాను. ఇంజను స్టార్ట్ చేసేది ఇంజను బ్యాటరీ. ఇంటి బ్యాటరీకి చార్జింగ్ మూడు దారుల్లో రావాలి: బండి నడుస్తుంటే డైనమో నుంచి, పైకప్పు మీదున్న 335 వాట్ల సోలార్ ప్యానెల్ నుంచి, కరెంటు దొరికిన చోట ఇన్వర్టర్‌లోని చార్జర్ నుంచి.

సమస్య ఇది. విజయవాడ నుంచి మారేడుమిల్లి వెళ్లి ఆగితే మొదటి రాత్రి ఎలాగో గడుస్తుంది. రెండో రాత్రి తెల్లవారకముందే ఇన్వర్టర్ కూత పెడుతుంది, ఫ్రిజ్ ఆగిపోతుంది, పొద్దున్నే పాలు విరిగిపోయి ఉంటాయి. బ్యాటరీ షాపులో చూసి "పోయిందండీ, కొత్తది వేసుకోండి" అని రూ.16,000 చెప్పారు. పాత యజమాని ఇచ్చిన బిల్లుల ఫైల్లో చూస్తే, ఇప్పుడున్న బ్యాటరీ కూడా అలా ఒకసారి మార్చినదే. మార్చినా అదే జబ్బు తిరిగొచ్చిందంటే లోపం బ్యాటరీలో ఉందని నమ్మబుద్ధి కాలేదు. అందుకే కొనడం ఆపి కొలవడం మొదలుపెట్టాను. ఇలాంటి బండి ఉన్నవాళ్లు ఇదే వరసలో చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

దశ 0: పనిముట్లు

1. డీసీ క్లాంప్ మీటర్. కరెంటు పనివాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేది ఏసీ మాత్రమే చూపే రకం, దానితో బ్యాటరీ తీగ పట్టుకుంటే సున్నానే వస్తుంది. కొనేటప్పుడు ఆంపియర్ల గుర్తు పక్కన అడ్డంగా గీసిన అల ఒక్కటే కాకుండా, ఒక నిండు గీత, దాని కింద చుక్కల గీత ఉన్నాయో లేదో చూడండి. ప్రతి రీడింగుకీ ముందు జీరో బటన్ నొక్కాలి, లేకపోతే ఒకటి రెండు ఆంపియర్లు తేడా చూపిస్తుంది.
2. మామూలు మల్టీమీటర్. వోల్టేజీ రెండు దశాంశాల దాకా చూపితే చాలు.
3. ఎనిమిది మీటర్ల సన్న వైరు, రెండు చివర్లా మొసలి క్లిప్పులు. బండి ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య వోల్టేజీ చూడాలంటే మీటరు తీగ సరిపోదు. మీటర్లోకి కరెంటు దాదాపు పోదు కాబట్టి వైరు సన్నగా ఉన్నా రీడింగు తప్పదు.
4. హైడ్రోమీటర్, బ్యాటరీలోని యాసిడ్ గ్రావిటీ (చిక్కదనం) చూపేది. పక్కనే నీళ్ల బకెట్టు, ఒక డబ్బా వంట సోడా. యాసిడ్ చుక్క నేల మీదో బండి మీదో పడితే ముందు సోడా చల్లి తర్వాత కడగాలి, ఒంటి మీద పడితే వెంటనే నీళ్లతోనే కడగాలి.
5. లోడు కోసం 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండు, హోల్డర్లతో.

ఉంగరాలు, గడియారం తీసేసి పని మొదలుపెట్టండి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. పానా పాజిటివ్‌కీ బాడీకీ ఒకేసారి తగిలితే అక్కడే ఎర్రగా కాలుతుంది.

ఖర్చు: క్లాంప్ మీటర్ 2,850, హైడ్రోమీటర్ 180, వైరు, క్లిప్పులు 240, బల్బులు 320.
ఇప్పటివరకు: రూ.3,590

దశ 1: ముందు బ్యాటరీ సంగతి తేల్చడం

ప్రయాణం నుంచి రాగానే ఆరు సెల్లుల గ్రావిటీ చూశాను: 1.170, 1.165, 1.175, 1.170, 1.165, 1.170.

ఈ ఆరు అంకెల్లోనే సగం జవాబు ఉంది. ఒక సెల్లు చెడిపోతే అదొక్కటే మిగతావాటికంటే బాగా కిందికి దిగి ఉంటుంది. తేడా 0.050 దాటితే ఆ సెల్లు మీద ఆశ వదులుకోవచ్చు. ఇక్కడ ఆరూ ఒకే రకంగా తక్కువగా ఉన్నాయి. అంటే బ్యాటరీ ఖాళీగా ఉంది, అంతే.

వోల్టేజీ దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. నిండిన 12 వోల్టుల బ్యాటరీ 12.7 చూపాలని చాలా చార్టుల్లో ఉంటుంది. అది గ్రావిటీ 1.270, 1.280 ఉండే కారు బ్యాటరీల లెక్క. మన ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీలు నిండినా 1.240 దగ్గరే ఉంటాయి. ఒక్కో సెల్లు వోల్టేజీ సుమారుగా గ్రావిటీకి 0.84 కలిపినంత. ఆ లెక్కన 1.240 అంటే సెల్లుకి 2.08, ఆరింటికీ 12.48. కాబట్టి విశ్రాంతి తర్వాత 12.5 చూపితే ట్యూబులర్ నిండినట్టే. 12.7 రాలేదని మంచి బ్యాటరీని పాత సామాన్లకి వేసేయొద్దు.

పరీక్ష చేసిన విధం:

1. డిస్టిల్డ్ వాటర్ తగ్గిన సెల్లుల్లో ప్లేట్లు మునిగేంత మాత్రం పోశాను. గుర్తు దాకా నింపడం చార్జింగ్ అయ్యాకే.
2. బ్యాటరీ బండిలోంచి దించి, షాపులో 10 ఆంపియర్ల మీద ఒక పగలూ రాత్రీ చార్జింగ్ పెట్టించాను.
3. రాత్రంతా వదిలేసి చూస్తే గ్రావిటీ 1.235 నుంచి 1.240, వోల్టేజీ 12.47.
4. రెండు హెడ్‌లైట్ బల్బులూ తగిలించాను. క్లాంప్ మీటర్లో 9 ఆంపియర్లు. ఎనిమిది గంటలు వెలిగించాను, అంటే 72 ఏహెచ్ బయటికి తీసినట్టు.
5. చివర్లో బల్బులు వెలుగుతుండగానే 11.93. ఆపి కొన్ని గంటలు ఆగాక 12.12.

సగం సామర్థ్యం వాడుకున్నాక ఈ అంకెలు వచ్చాయంటే బ్యాటరీ ఆరోగ్యంగానే ఉంది. దానికి తిండి అందడం లేదు.

ఖర్చు: చార్జింగ్ 200, డిస్టిల్డ్ వాటర్ 120.
ఇప్పటివరకు: రూ.3,910

దశ 2: డైనమో నుంచి మంచం కిందికి

ఎక్కువ సమయం ఇక్కడే పట్టింది, ఎక్కువ ఫలితం కూడా ఇక్కడే దొరికింది.

రెండు బ్యాటరీలనూ కలిపేది ఒక వోల్టేజీ రిలే. ఇంజను బ్యాటరీ 13.3 దాటితే కలుపుతుంది, 12.8 కంటే తగ్గితే విడదీస్తుంది. బండి కొన్న కొత్తలో ఆటోనగర్ సెల్ఫ్-డైనమో షాపు మేస్త్రీ గారు "రిలే మారిస్తే సరిపోద్దండీ" అంటే రూ.950 పెట్టి మార్పించాం. ఏ తేడా రాలేదు. ఎందుకు రాలేదో కింది కొలతల్లో తెలుస్తుంది.

సగం ఖాళీ చేసిన బ్యాటరీని మళ్లీ బండిలో పెట్టాను. ఈ పరీక్షకు బ్యాటరీ నిండుగా ఉండకూడదు. కరెంటు పారుతున్నప్పుడే తీగలో నష్టం బయటపడుతుంది, కరెంటు లేకపోతే తుప్పు పట్టిన బోల్టు కూడా మంచిదిలాగే కనిపిస్తుంది. మా బావమరిది సీట్లో కూర్చుని ఇంజను 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచాడు.

ఇంజను బ్యాటరీ పోస్టుల (తీగలు బిగించే సీసం మొనల) మీద 14.20. ఇంటి బ్యాటరీ పోస్టుల మీద 12.90. పారుతున్న కరెంటు 21 ఆంపియర్లు. దారిలో 1.30 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. మీటరు ఒక మొన ముక్క మొదట్లో, రెండోది ముక్క చివర పెట్టి ఒక్కో ముక్కనే కొలుచుకుంటూ పోయాను:

1. ఇంజను బ్యాటరీ పాజిటివ్ నుంచి రిలే దాకా: 0.08
2. రిలే రెండు బోల్టుల మధ్య: 0.05
3. రిలే నుంచి వెనక ఫ్యూజు దాకా, 5.5 మీటర్ల కేబుల్: 0.56
4. ఫ్యూజు హోల్డర్ రెండు బోల్టుల మధ్య: 0.21
5. ఫ్యూజు నుంచి ఇంటి బ్యాటరీ పాజిటివ్: 0.03
6. ఇంటి బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీ ఇనుము: 0.29
7. బాడీ నుంచి ఇంజను బ్యాటరీ నెగటివ్: 0.08

మొత్తం 1.30. ఈ కూడిక తేడాతో సరిగ్గా కలవాలి. కలవకపోతే ఏదో ముక్క వదిలేసినట్టు, మళ్లీ కొలవండి. మీటరు మొన లగ్గు (తీగ చివర బిగించే లోహపు కొన) మీద కాదు, బ్యాటరీ సీసం పోస్టు మీదే పెట్టాలి. లగ్గుకీ పోస్టుకీ మధ్య తెల్లటి పొడి పేరుకుని ఉంటే ఆ నష్టం అప్పుడే కనబడుతుంది.

మార్పించిన రిలే మీద పోతున్నది 0.05 మాత్రమే. కేబుల్, ఫ్యూజు, ఎర్తు, ఈ మూడే కలిసి 1.06 తినేస్తున్నాయి.

*కేబుల్.* పైన 16 స్క్వేర్ ఎం.ఎం. అని ముద్ర ఉంది, చూడ్డానికి బొటనవేలంత లావు. నిజమైన 16 రాగి అయితే 5.5 మీటర్లకి 6 మిల్లీ ఓములు రావాలి, 21 ఆంపియర్లకి 0.13 వోల్టు పోవాలి. ఇక్కడ నాలుగింతలు పైగా పోతోంది. కోసి చూస్తే లావంతా ప్లాస్టిక్ తొడుగుదే. మేస్త్రీ గారు ఒక పోగు తీసి బ్లేడుతో గీకారు, లోపల తెల్లగా మెరిసింది. "ఇది రాగి కాదండీ, పైపూత. కార్లలో పాటల బాక్సులకి లాగే వైరు ఇది" అన్నారు. రాగి పూత వేసిన అల్యూమినియం అసలు రాగికంటే ఒకటిన్నర రెట్ల పైనే అడ్డుపడుతుంది, పైగా లోపలి పోగులే తక్కువ. కేబుల్ కొనేటప్పుడు షాపులోనే ఒక పోగు గీకి చూడండి. వాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడితే పోయేది మన బ్యాటరీ.

*ఫ్యూజు హోల్డర్.* 0.21 వోల్టుని 21 ఆంపియర్లతో గుణిస్తే 4.4 వాట్లు. ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో అంత వేడి పుడుతోంది. మూత లోపల గోధుమరంగులోకి మారింది. విప్పితే ఫ్యూజు ఆకుకీ లగ్గుకీ మధ్య స్ప్రింగు వాషర్ వేసి బిగించారు. కరెంటు అంతా ఆ ఉక్కు వాషర్ గుండా పోతోంది. లగ్గు, ఫ్యూజు ఆకు ఒకదానికొకటి నేరుగా ఆనాలి, వాషర్లు వాటి పైన రావాలి, నట్టు చివర.

*ఎర్తు.* నెగటివ్ తీగని ప్లైవుడ్ నేల మీంచి ఒక స్క్రూతో కింది రేకుకి బిగించారు, కింద పెయింటు అలాగే ఉంది. ముందు సులువుగా అవుతుందని ఇంకో ఎర్తు తీగ లాగి సీటు పట్టాకి కలిపి చూశాను. 0.29 కాస్తా 0.22 అయింది, అంతే. సీటు పట్టా కూడా అదే నేల రేకు మీద కూర్చుని ఉంది కాబట్టి దారి మారలేదు. చాసిస్ దాకా దింపక తప్పలేదు.

మార్చినవి:

1. 25 స్క్వేర్ ఎం.ఎం. రాగి కేబుల్, పాజిటివ్‌కి 6 మీటర్లు, నెగటివ్‌కి 2 మీటర్లు. నెగటివ్‌ని చాసిస్ పొడవు పట్టీకి, ఉన్న రంధ్రంలోనే బిగించాను. పట్టీకి కొత్త రంధ్రం వేయొద్దు.
2. ఎర్తు చోట ఎమ్రీ పేపర్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వాజెలిన్ పూసి పెయింటు వేశాను.
3. లగ్గులన్నీ కేబుల్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించాను. సుత్తితో కొట్టిన లగ్గు ఒకటి పోల్చి చూడటానికి చేయించాను. 30 ఆంపియర్ల దగ్గర సుత్తి లగ్గు మీద 0.04, ప్రెస్ లగ్గు మీద 0.01.
4. ఫ్యూజులు రెండు చివర్లా, 80 ఆంపియర్లవి. ఇంతకుముందు వెనక వైపు ఒక్కటే ఉండేది. కేబుల్‌కి రెండు వైపులా బ్యాటరీలు ఉన్నాయి కాబట్టి మధ్యలో ఎక్కడ తొడుగు చిరిగి బాడీకి తగిలినా రెండు వైపుల నుంచీ కరెంటు దూకుతుంది. ఇది చార్జింగ్ సంగతి కాదు, బండి తగలబడకుండా ఉండే సంగతి.
5. కేబుల్ రేకు గుండా దూరే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్, మిగతా దారంతా గొట్టపు స్లీవు.

మళ్లీ అదే పరీక్ష: ఇంజను బ్యాటరీ 14.12, ఇంటి బ్యాటరీ 13.70, కరెంటు 38 ఆంపియర్లు. కరెంటు దాదాపు రెట్టింపు అయినా నష్టం 1.30 నుంచి 0.42కి దిగింది.

ఒక సంగతి దీనితో తీరలేదు. గంటకు పైగా నడిపాక ఇంజను బ్యాటరీ మీద వోల్టేజీ 13.8 దగ్గర ఆగిపోతోంది. వేడెక్కిన కొద్దీ డైనమో రెగ్యులేటర్ వోల్టేజీ తగ్గిస్తుంది, అది దాని గుణమే. 13.8తో బ్యాటరీ ముప్పాతిక పైన నిండుతుంది గానీ ఆఖరి భాగానికి 14.4 కావాలి, పెరుగు తోడుకున్నట్టు కొన్ని గంటలు కదపకుండా ఉండాలి. మూడు గంటల ప్రయాణంలో అది కుదరదు. ఆ పని సోలార్‌కి అప్పగించాలని నిర్ణయించి, డైనమో వోల్టేజీని ఇంటి బ్యాటరీకి కావలసినంతగా మార్చి ఇచ్చే డీసీ-డీసీ చార్జర్ కొనలేదు.

ఇక్కడ నన్ను అనుసరించేముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. కొత్త బండ్లలో చాలావాటికి డైనమోని ఇంజను కంప్యూటరే నడుపుతుంది. దూర ప్రయాణంలో ఇంజను బ్యాటరీ మీద మీటరు పెట్టి చూస్తే, వోల్టేజీ ఒకసారి 12.6కి దిగి, బ్రేకు వేసినప్పుడో దిగుడులోనో 14.8కి ఎక్కుతూ ఉంటుంది. అలాంటి బండికి రిలే పనికిరాదు, డీసీ-డీసీ చార్జరే పెట్టాలి. ఇంటి బ్యాటరీ లిథియం అయినా అంతే. అది ఎంత ఇస్తే అంత తాగేస్తుంది కాబట్టి డైనమో కాలిపోవచ్చు. నిండగానే దాని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఠక్కున తెంచితే వోల్టేజీ ఎగసి డైనమో డయోడ్లు పోయే ప్రమాదం కూడా ఉంది. ఇంజను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద చిన్న సెన్సర్ డబ్బా ఉంటే, మన తీగ పోస్టుకి కాకుండా చాసిస్‌కే కలపాలి. లేకపోతే మనం వాడే కరెంటు ఆ సెన్సర్ లెక్కలోకి రాదు.

ప్రయాణం తర్వాత గ్రావిటీ సగటు: 1.190 (ముందు 1.170).
ఖర్చు: రిలే 950, కేబుల్ 8 మీటర్లు 2,720, లగ్గులు 350, ప్రెస్ కూలి 300, ఫ్యూజులు, హోల్డర్లు 840, బోల్టులు, స్లీవు 190. మొత్తం 5,350.
ఇప్పటివరకు: రూ.9,260

దశ 3: సోలార్

ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, విజయవాడ ఎండ. 335 వాట్ల ప్యానెల్ నుంచి బ్యాటరీకి చేరుతున్నది 7.8 ఆంపియర్లు, 13.2 వోల్టుల దగ్గర. అంటే 103 వాట్లు. ప్యానెల్ తుడిచాను, కనెక్టర్లు విప్పి చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి.

లోపం జోడీలో ఉంది. ఈ ప్యానెల్ పూర్తి శక్తి ఇచ్చేది 37 వోల్టుల దగ్గర, సుమారు 9 ఆంపియర్లతో. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య చార్జింగ్‌ని అదుపు చేసేది కంట్రోలర్, బండిలో ఉన్నది పీడబ్ల్యూఎం రకం. అది ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలుపుతుంది, ప్యానెల్ వోల్టేజీ కూడా 13కి పడిపోతుంది. ఆంపియర్లు మాత్రం అవే 9 లోపు. మిగతా 24 వోల్టులూ వృథా. 12 వోల్టుల బ్యాటరీకి ఇళ్లమీద పెట్టే పెద్ద ప్యానెల్ వాడితే, ఎక్కువ వోల్టేజీని తగ్గించి ఆ మేరకు ఆంపియర్లు పెంచి ఇచ్చే ఎంపీపీటీ కంట్రోలర్ తప్పనిసరి.

మార్చే వరస:

1. ప్యానెల్ మీద మందపాటి దుప్పటి కప్పి, ముందు ప్యానెల్ తీగలు విప్పాలి, తర్వాత బ్యాటరీ తీగలు.
2. కొత్తది బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. కంట్రోలర్ ముందు బ్యాటరీని చూసి 12 వోల్టులని గుర్తుపట్టాలి.
3. బ్యాటరీ రకం ఫ్లడెడ్ (నీళ్లు పోసేది), అబ్జార్ప్షన్ (ఆఖరి భాగం నింపే వోల్టేజీ) 14.4, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.6. అబ్జార్ప్షన్ సమయం రెండు గంటలు ఉంటే మూడు చేశాను.

30 ఆంపియర్ల ఎంపీపీటీ పెట్టాక మధ్యాహ్నం 18.6 ఆంపియర్లు, 13.4 వోల్టులు, అంటే 249 వాట్లు. అయినా సాయంత్రం గ్రావిటీ అనుకున్నంత ఎక్కలేదు. పదకొండింటికే కంట్రోలర్ 14.4 చూపిస్తూ కరెంటు తగ్గించేస్తోంది. అదే క్షణంలో బ్యాటరీ పోస్టుల మీద చూస్తే 13.93. పాత కంట్రోలర్ డ్రైవరు సీటు వెనక ఉండేది, కొత్తది కూడా అక్కడే పెట్టాం. అక్కడి నుంచి బ్యాటరీకి 3 మీటర్లు, 4 స్క్వేర్ ఎం.ఎం. తీగ. రానూపోనూ 6 మీటర్లకి 26 మిల్లీ ఓములు, 18 ఆంపియర్లకి 0.47 వోల్టు. తన దగ్గరున్న 14.4ని బ్యాటరీ దగ్గరున్నదని కంట్రోలర్ నమ్ముతోంది. 8 ఆంపియర్లప్పుడు దాగిన లోపం 18కి బయటపడింది.

కంట్రోలర్‌ని బ్యాటరీ పెట్టెకి ఆనుకుని ఉన్న అరలోకి మార్చి, 10 స్క్వేర్ ఎం.ఎం. తీగ 80 సెంటీమీటర్లే వేశాను. నష్టం 0.05. పొడవు తీగ ఏదైనా ఉండాలంటే ప్యానెల్ వైపు ఉండనివ్వండి, అక్కడ వోల్టేజీ ఎక్కువ, ఆంపియర్లు తక్కువ. కంట్రోలర్‌ని మాత్రం బ్యాటరీ పెట్టె లోపల పెట్టొద్దు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, ఆ పెట్టెకి బయటికి గాలి గొట్టం ఉండాలి.

వేడి లెక్క కూడా చూసుకోవాల్సి వచ్చింది. మే నెలలో బ్యాటరీ పెట్టె లోపల 41 డిగ్రీలు. 14.4 అనేది 25 డిగ్రీల లెక్క. డిగ్రీకి సుమారు 18 మిల్లీవోల్టులు తగ్గించాలి, 16 డిగ్రీలకి 0.29, అంటే మేలో 14.1 చాలు. అదే డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో అయితే పెంచాలి. కంట్రోలర్‌తో వచ్చిన ఉష్ణోగ్రత తీగని బ్యాటరీ పక్క గోడకి, ద్రవం ఉండే ఎత్తులో టేపుతో అంటించాను. అది తగిలించకపోతే కంట్రోలర్ తన ఒంటి వేడినే లెక్కేసుకుంటుంది.

ప్యానెల్‌ని కప్పు నుంచి 40 మిల్లీమీటర్లు పైకి లేపి చూశాను, గాలి ఆడుతుందని. అడుగు వేడి 66 నుంచి 59కి దిగింది. డిగ్రీకి 0.4 శాతం చొప్పున లాభం మూడు శాతం లోపే. ఇంతకోసం ప్యానెల్ విప్పనక్కర్లేదు. దానికంటే నీడ సంగతి చూడండి. పక్కనున్న సామాన్ల పెట్టె నీడ పొద్దున పూట ఒక అంచున పడితేనే 11 ఆంపియర్లు కాస్తా 6.8 అయ్యాయి. పెట్టెని వెనక్కి జరిపాం.

గ్రావిటీ సగటు: 1.225.
ఖర్చు: కంట్రోలర్ 8,900, తీగ 280, డీసీ ఎంసీబీ 450, స్పేసర్లు 260. మొత్తం 9,890.
ఇప్పటివరకు: రూ.19,150

దశ 4: బయటి కరెంటు

దీనిలో పెద్ద కథ లేదు. సాయంత్రం పూట ఊళ్లలో వోల్టేజీ 165కి పడిపోతే ఇన్వర్టర్ చార్జర్ అసలు అందుకోవడం లేదు. వెనకున్న చిన్న స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉంది, అందులో 180 కంటే తక్కువ వస్తే కరెంటు లేనట్టే లెక్క. రెండో మోడ్‌కి మార్చగానే అందుకుంది. మీ ఇన్వర్టర్ పుస్తకంలో ఈ హద్దులు ఉంటాయి, చూసుకోండి.

ఎక్స్‌టెన్షన్ 20 మీటర్లది, 1 స్క్వేర్ ఎం.ఎం. దాన్ని 2.5 మూడు కోర్ల తీగతో, 16 ఆంపియర్ల ప్లగ్గుతో మార్చి, బండి లోపలికి వచ్చే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంచే స్విచ్చి) పెట్టాను. తీగని చుట్ట విప్పి పరిచే వాడండి, చుట్టలోనే ఉంచితే వేడెక్కుతుంది. కొత్త చోట ప్లగ్గు పెట్టేముందు ఎర్తు ఉందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడకుండా పెట్టొద్దు. బండి మొత్తం ఇనుము, కింద రబ్బరు టైర్లు. బాడీకి కరెంటు వస్తే నేల మీద నిలబడి తలుపు పట్టుకున్న మనిషికే తగులుతుంది.

ఖర్చు: తీగ 3,600, ప్లగ్గు, సాకెట్టు 350, ఆర్‌సీసీబీ 1,700. మొత్తం 5,650.
ఇప్పటివరకు: రూ.24,800

దశ 5: రోజుకి ఎంత పోతోంది

చార్జింగ్ దారులు బాగుపడ్డాక బ్యాటరీ నుంచి పోయేది కూడా కొలిచాను. ఒక్కోటి ఆన్ చేసి నెగటివ్ తీగ మీద క్లాంప్ మీటర్ పెట్టడమే. రోజుకి:

- ఫ్రిజ్: నడిచేటప్పుడు 3.9 ఆంపియర్లు, దాదాపు 45 శాతం సమయం: 42 ఏహెచ్
- ఫ్యాను, ఇన్వర్టర్ మీద, 2.8 ఆంపియర్లు, 9 గంటలు: 25
- లైట్లు: 4
- నీళ్ల పంపు: 2
- ఫోన్లు: 6
- అన్నీ ఆపేసినా 1.4 ఆంపియర్లు, 24 గంటలు: దాదాపు 34

మొత్తం 113 ఏహెచ్. ఆ చివరిది ఏమిటో చాలాసేపు అంతుపట్టలేదు. ఫ్యూజులు ఒక్కోటి తీస్తూ పోతే ఇన్వర్టర్ ఫ్యూజు దగ్గర మీటరు సున్నాకి పడింది. ఏ లోడూ లేకపోయినా ఇన్వర్టర్ తాను మేలుకుని ఉండటానికే అంత తాగుతోంది. ఇంట్లో అయితే అది పట్టించుకోనక్కర్లేదు, కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీ మీద నడవదు. బండిలో రాత్రీ పగలూ బ్యాటరీ మీదే కూర్చుంటుంది.

పాత పరిస్థితిలో వచ్చేది: మూడు గంటల ప్రయాణంలో 42, సోలార్ 36, కలిపి 78. సీసం బ్యాటరీలో పెట్టినదంతా తిరిగి రాదు, 85 శాతం లెక్కేస్తే 66. రోజుకి 47 లోటు. 150లో సగం, అంటే 75 మాత్రమే వాడాలి కాబట్టి రెండో రాత్రి తెల్లవారకముందే కూత రావడం లెక్క ప్రకారమే జరిగింది.

ఫ్యాను తక్కువ కరెంటు తినే 12 వోల్టుల బీఎల్‌డీసీ మోటారుది పెట్టాను, 1.6 ఆంపియర్లు. ఫోన్లకి 12 వోల్టుల యూఎస్‌బీ సాకెట్లు. ఇన్వర్టర్ మిక్సీకి, ల్యాప్‌టాప్‌కి మాత్రమే ఆన్, పని కాగానే ఆఫ్. ఇప్పుడు రోజు వాడకం 74. వచ్చేది సోలార్ 80, ప్రయాణం ఉంటే ఇంకో 60. కదలకుండా ఒకచోట ఆగినా మంచి ఎండలో సోలార్ నుంచి నికరంగా 68, వాడకానికి చేరువలో ఉన్నాం.

గ్రావిటీ సగటు, ప్రయాణం ముగిశాక: 1.240, ఆరు సెల్లులూ 0.005 తేడాలో.
ఖర్చు: ఫ్యాను 2,200, సాకెట్లు 700.
ఇప్పటివరకు: రూ.27,700

కొత్త బ్యాటరీ రూ.16,000కంటే ఇది ఎక్కువే. కానీ కొత్త బ్యాటరీ కూడా ఎప్పుడూ సగమే నిండుతూ, ప్లేట్ల మీద సల్ఫేషన్ (గట్టి తెల్లటి పొర) పట్టి పోయేది. చేతిలో డబ్బు తక్కువైతే దశ 2, దశ 5 ముందు చేయండి. ఇన్వర్టర్ ఆపేయడానికి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.

జూలై: వానల్లో చూసినది

అరకులో ముసురు. ప్యానెల్ నుంచి రోజంతా కలిపి 25 ఏహెచ్. రెండో రోజు సాయంత్రానికి లోడుతో 11.95. ఇంజను ఆన్ చేసి నిలబెట్టి చూశాను. ఐడిలింగ్‌లో 14 ఆంపియర్లే వస్తున్నాయి, గంటకి 14 ఏహెచ్ కోసం డీజిల్ కాల్చడం గిట్టుబాటు కాదు. బస చోట ప్లగ్గు అడిగి రాత్రంతా చార్జింగ్ పెట్టాం, పొద్దుటికి 14.1 దగ్గర 3 ఆంపియర్లు తీసుకుంటోంది. వానాకాలంలో రెండు రోజులకి మించి ఒకచోట ఆగాలంటే ప్లగ్గు ఉన్న చోటే ఎంచుకుంటున్నాం.

తిరిగొచ్చాక బోల్టులన్నీ మళ్లీ బిగించాను. ఘాట్ రోడ్డు కుదుపులకి చాసిస్ ఎర్తు బోల్టు పావు చుట్టు వదులైంది, అక్కడ నష్టం 0.03 నుంచి 0.09 అయింది. రెండో నట్టు వేసి లాక్ చేశాక మళ్లీ 0.03. వెనక ఫ్యూజు హోల్డర్ 38 ఆంపియర్ల దగ్గర 0.02, చేత్తో పట్టుకుంటే వేడి లేదు.